శివారు చేనికి నీరు

తెలుగులో ‘సతీర్థ్యులు’ అను మాట యొకటి కలదు. ఒకే గురువునొద్ద చదువుకొన్నవారిని సతీర్థ్యులందురు. తీర్థమనగా గురువని ఒక అర్థము. నదిలోనికి దిగు రేవని మరియొక అర్థము. ఒకే రేవున దిగి దప్పిక తీర్చుకొన్నవారు సతీర్థ్యులని చెప్పుకొన్నను భావము చెడదు. కృష్ణ యొడ్డున పెరిగినవారము గనుక మాకు ఈ రెండవ అర్థమే ముందుగా తోచును.

మన పత్రిక ఉర్దూ, తెలుగు భాషలు రెంటిలోను వెలువడునది. కావున ఆ వైపు మాటలు కూడ రెండు తలచుకొనుట ఉచితము. అరబ్బీలో ‘తాలీమ్’ అనగా విద్య నేర్పుట. ఆ మాట తెలుగునాటికి వచ్చి ‘తాలీము’ అయి, దేహపరిశ్రమను, సాధనను తెలుపు మాటగా స్థిరపడినది. తాలీంఖానా అనగా మనకు వ్యాయామశాల. ‘ఉస్తాద్’ అనగా గురువు. ఆయన తెలుగులోనికి వచ్చి ‘వస్తాదు’ అయి గోదాలో నిలచినాడు. ఈ మార్పులను చూచి నవ్వుకొనువారు కలరు. మాకు మాత్రము మన పల్లెవారు ఈ మాటలను మార్చుకొనుటలో విద్యను గూర్చిన ఒక సత్యమును పట్టుకొన్నట్లే తోచును. నేర్పుట యనునది చెమటోడ్చి చేయవలసిన సాధన. అది ఒంటరిగా అలవడదు. పట్టు చెప్పు గురువు ఒకరు, ఎదుట నిలచు జోడు ఒకరు ఉండవలెను. ఉపాధ్యాయ శిక్షణ యనగా మేము ఎరిగినంతలో ఇంతియే.

మన కళాశాలలో చదివి, బి.ఇడి. శిక్షణకు వెళ్ళిన పూర్వ విద్యార్థులు కొందరు ఈ యేడు ఆ శిక్షణను ముగించుకొనుచున్నారు. తమ గురువులకును, తోటివారికిని కృతజ్ఞత తెలుపు సభ యొకటి జరుపదలచి, ఏమి ఇచ్చిన బాగుండునని మమ్ము అడిగినారు. శాలువ, పూలదండ, జ్ఞాపిక ఎట్లును ఉండును. వానిని మేము కాదనము. అయితే ఋణము ఏ రూపమున వచ్చినదో తెలిసినగాని దానిని ఏ రూపమున తీర్చవలెనో తెలియదు. మాకు ఆ ఋణము ఎట్లు వచ్చినదో చెప్పుటయే వారి ప్రశ్నకు మేము ఈయగల సమాధానము.

ఈ విషయమున మన కృష్ణాతీరమునందే ఘనమైన ఒజ్జబంతి యొకటి కలదు. బందరు హిందూ ఉన్నత పాఠశాలలో చెళ్ళపిళ్ళ వేంకటశాస్త్రిగారు తెలుగు పండితులుగా పనిచేసినారు. తిరుపతి వేంకట కవులని లోకము కీర్తించిన జంటలో ఆయన యొకరు. సంస్థానములలో అవధానములు చేసి మెప్పించిన ఆ మహాకవి బడిలో పిల్లలకు పాఠములు చెప్పినారు. ఆయన శిష్యులలో వేటూరి ప్రభాకరశాస్త్రి, పింగళి లక్ష్మీకాంతము, కాటూరి వేంకటేశ్వరరావు, విశ్వనాథ సత్యనారాయణ మున్నగువారున్నారు.

ఆ శిష్యులు గురుఋణము తీర్చుకొన్న తీరులు గమనింపదగినవి. పింగళి, కాటూరి సతీర్థ్యులు. వారిరువురు జంటకవులై ‘సౌందరనందము’ రచించి, దానిని గురువుగారికే సమర్పించినారు. సహాధ్యాయుల స్నేహమును, గురుభక్తియు ఒకే గ్రంథమున కలిసినవి. విశ్వనాథవారి మార్గము వేరు. తనవంటి శిష్యుడు లభించుట తన గురువునకు దక్కిన భాగ్యమని ఆయన ‘శ్రీమద్రామాయణ కల్పవృక్షము’ ఆరంభమున చాటుకొన్నారు. అది గర్వమని కొందరందురు. శిష్యుని ఎదుగుదలయే గురువు ఆస్తి యని ఆయన లెక్క కట్టినారని మేమందుము. ఆ కావ్యమునకే 1970వ సంవత్సరపు జ్ఞానపీఠ పురస్కారము లభించినది. అన్నిటికన్న ముఖ్యమైనది మరియొకటి. బందరులో శిష్యుడై పొందినదానిని ఆయన విజయవాడలో ఎస్.ఆర్.ఆర్. అండ్ సి.వి.ఆర్. కళాశాలలో అధ్యాపకుడై ఏండ్ల తరబడి పంచిపెట్టినారు.

ఆ చెళ్ళపిళ్ళవారే గుఱ్ఱము జాషువా పాదమునకు స్వయముగా గండపెండేరము తొడిగినారు. జాషువా బాల్యము నుండియు కులము పేరిట ఎన్ని అవమానములు సహించినారో తెలుగు చదువుకొన్నవారందరకు తెలియును. పంక్తి చివరకు నెట్టబడిన కవి పాదము కడకు పంక్తి మొదట కూర్చున్న పెద్దలు స్వయముగా వంగినారు. శిష్యులు గురువునకు ఏమి ఇచ్చినారన్నది ఎంత ముఖ్యమో, గురువు ఎవరి యెదుట వంగినాడన్నదియు అంత ముఖ్యమే. మా గురువుగారి మాటలను తలచునపుడెల్ల మాకు ఈ గండపెండేరము జ్ఞప్తికి వచ్చును.

ఇక మా సంగతి. మేము ఆచార్య నాగార్జున విశ్వవిద్యాలయములో తెలుగు ఎం.ఏ. ముగించి, 2015లో బి.ఇడి.లో చేరినాము. అంతవరకు ఒక్క యేడుగా ఉన్న ఆ శిక్షణ సరిగా ఆ సంవత్సరమే రెండేండ్లదైనది. మా కన్న ఒక్క యేడు ముందు చేరినవారు చదువు ముగించి ఉద్యోగములు వెదకుకొనుచుండగా మేము ఇంకను చార్టులు గీయుచుంటిమి. ఇంటివద్ద తల్లిదండ్రులకు ఆ రెండవ యేడు భారమే. మా తరగతిలో సగము మంది సాయంకాలములందు ట్యూషన్లు చెప్పియో, దుకాణములలో లెక్కలు వ్రాసియో చదువుకొన్నవారు. దివిసీమ నుండి వచ్చినవారొకరు, కైకలూరు వైపు కొల్లేటి ఊరివారొకరు, ఆటోనగరులో లారీల మరమ్మతు షెడ్డు వెనుక గదిలో కాపురమున్న కుటుంబమువారొకరు, వించిపేట నుండి ఉర్దూ బోధనాపద్ధతి చదువవచ్చిన ఆపా యొకరు. తెలుగు బోధనాపద్ధతి తీసికొన్న ముస్లిము ఈ వ్యాసకర్త యొక్కడే.

శిక్షణలో మొదట సూక్ష్మబోధన యుండును. 1960 దశకమున అమెరికాలోని స్టాన్‌ఫర్డు విశ్వవిద్యాలయములో రూపొందిన పద్ధతి యిది. ఐదారు నిమిషముల పాఠము, నేర్వవలసిన నైపుణ్యము ఒక్కటే. విద్యార్థులుగా కూర్చుండునది తోటి శిక్షణార్థులే. ఇరువది అయిదేండ్ల వారు ఏడవ తరగతి పిల్లలవలె చేతులు కట్టుకొని కూర్చుండి, తెలిసిన సంగతిని తెలియనట్లు అడుగవలెను. మొదటి దినములలో అందరమును నవ్వినాము. క్రమముగా ఆ నవ్వు తగ్గినది. ఎదుటి బల్లపై కూర్చున్నవాడు తన పాఠము కొరకు పిల్లవాడైనాడని, రేపు తానును వాని పాఠము కొరకు పిల్లవాడు కావలెనని ప్రతివారికి తెలిసివచ్చినది. కొల్లేటి మిత్రుడు మంచి చిత్రకారుడు. తన చార్టు ముగియకున్నను మా చార్టుపై కొంగను గీసిపెట్టి కాని లేచెడివాడు కాదు. ఆపా మా ఉచ్చారణను సరిదిద్దెడిది; తెలుగు మాటలు కాదు, మేము పాఠములలో వాడు అరబ్బీ, పారశీక పదములను. ‘ఖ’కారమును గొంతు నుండి పలికించుటకు ఆమె వారము దినములు శ్రమించినది. ఆమె కోరికపై మేము ఆమెకు సీసపద్యము నడక నేర్పినాము. తోటివారి పరిశీలన పుస్తకములలో మా పాఠములను గూర్చి వారు వ్రాసిన మాటలు నేటికిని మా వద్ద ఉన్నవి. ‘నల్లబల్లతో మాట్లాడుచున్నారు, పిల్లలతో కాదు’ అని దివిసీమ మిత్రుడు వ్రాసిన వాక్యమునకు మించిన పాఠ్యగ్రంథమును మేము చదువలేదు.

తెలుగు బోధనాపద్ధతి చెప్పిన మా గురువుగారు రైతు కుటుంబమున పుట్టినవారు. వారి ఊరు కాలువ చివర, సముద్రమునకు దగ్గరగా ఉన్నది. మమ్ములను మొదటి దినము నుండియు ‘మాస్టారూ’ అనియే పిలిచెడివారు. అది ఎగతాళి కాదు. ఆ పిలుపునకు తగినట్లు మసలుకొనుడని హెచ్చరిక. మేము పాఠము చెప్పుచుండగా వారు వెనుక బల్లపై కూర్చుండి, మా వైపు కాక పిల్లల వైపు చూచెడివారు. పాఠము ముగిసిన తరువాత ఉన్ముఖీకరణము కుదిరినదా, ఉపకరణములు సరిపోయినవా యను సంగతులు పుస్తకములో వ్రాసెడివారు. నోటితో మాత్రము ఒక్కటే అడిగెడివారు: “మాస్టారూ, ఆ కిటికీ పక్క చివరి బెంచీలో కూర్చున్న అబ్బాయి పేరేమిటండీ?”

ఆ ప్రశ్న ఏల అడిగెడివారో తెలియుటకు డెల్టా సంగతి కొంత తెలియవలెను. విజయవాడ వద్ద కృష్ణకు అడ్డముగా కట్టిన తొలి ఆనకట్ట 1855లో ముగిసినది. దాని స్థానమున ప్రకాశం బ్యారేజి 1957లో వచ్చినది. 2015లో పట్టిసీమ నుండి వచ్చిన గోదావరి నీరు ఇబ్రహీంపట్నము వద్ద కృష్ణలో కలిసినది. ఇట్లు నిలచిన నీటితో ఇరువైపుల సుమారు 13 లక్షల ఎకరములు పండును. ఈ లెక్కలు బడిపిల్లలకు సైతము తెలియును. కాని నీరు బ్యారేజి నుండి నేరుగా చేనికి రాదు. పెద్ద కాలువ నుండి చిన్న కాలువకు, అందుండి పంటబోదెకు, బోదె నుండి మడికి రావలెను. ఎగువవాడు తన తూము ఎత్తి కూర్చున్నచో దిగువవానికి తడి తగులదు. దివిసీమలోను, బందరు చుట్టుప్రక్కలను ఉన్న శివారు భూములకు ఇది యేటేట ఉన్న బాధ. నీరు రాకపోయినచో అచ్చట చేను ఎండుట ఒక్కటే కాదు, క్రిందినుండి ఉప్పు పైకి వచ్చును. వంతులవారీగా నీరు వదలునపుడు కాలువగట్టున నడచి తూములు ఎత్తించి, దింపించువాడు లస్కరు. మన ఉర్దూ పాఠకులకు ‘లష్కర్’ అనగా సేన. డెల్టాలో మాత్రము అతని చేతిలో కత్తి లేదు. తలుపు త్రిప్పు తాళము మాత్రము ఉన్నది.

“మనం ఇంజనీర్లం కాదండీ, లస్కర్లం. ఆనకట్ట కట్టినవాళ్ళు వేరే ఉన్నారు, నన్నయ్య, తిక్కన్న. మన పని శివారు చేనికి నీరు అందిందా లేదా చూడటం. హెడ్డు దగ్గర కాలువ నిండుగా పారుతుంటే అది మన గొప్ప కాదు” అని మా గురువుగారు అనెడివారు. మొదటి బెంచీ పిల్లలు జవాబులు చెప్పుచుండగా మురిసిపోవు ఉపాధ్యాయుని ఎగువ రైతు అనెడివారు. ఎగువ రైతునకు కరవు సంగతి తెలియదు.

బోధనాభ్యాసమునకు మమ్ము పంపిన యొక పాఠశాలలో మాకు గజేంద్రమోక్షము పద్యములు ఈయబడినవి. అచ్చటి పెద్దలొకరు, ఆ బడి పేరు ఇచ్చట అనవసరము, “సాయిబుగారికి పద్యభాగమెందుకండీ, ఏదైనా గద్యపాఠం ఇవ్వరాదా” అన్నారు. అందు ద్వేషము లేదు. మాకు సాయము చేయుచున్నాననియే ఆయన తలచినారు. అట్టి సాయములు మాకు క్రొత్త కావు. పిఠాపురమునకు చెందిన ఉమర్ ఆలీషా (1885–1945) తెలుగున కావ్యములు, నాటకములు రచించి, ఉమర్ ఖయ్యామ్ రుబాయీలను పారశీకము నుండి తెలిగించి కీర్తి గడించిన తరువాత కూడ, తెలుగు చెప్పు ముస్లిమును చూచి కనుబొమలు పైకి లేచుచునే యున్నవి. మా గురువుగారు వాదింపలేదు. “పద్యమే చెబుతారండీ” అని ఒక్క మాట యని వెనుక బల్లకు వెళ్ళి కూర్చున్నారు.

పాఠము నడచినది. మొసలి పట్టు బిగించినది, ఏనుగు బలము తగ్గినది, మొర సాగినది. పిల్లలు కదలక వినినారు. ముగియగానే వెనుకనుండి ఒక పిల్లవాడు లేచి, “సార్, మీరు సాయిబులు గదండీ, ఈ పద్యాలు మీకెట్లా వచ్చినయ్యండీ?” అని అడిగినాడు. “మీకు వచ్చినట్టే. మా బళ్ళో మాస్టారు చెబితే వచ్చినయ్” అన్నాము. తరగతి నవ్వినది, ఆ పెద్దలును నవ్వినారు. బయటకు వచ్చిన తరువాత మా గురువుగారు, “జవాబు బాగుందండీ. అయితే ఆ పిల్లాడు మీ మతం సంగతి ఒక్కటే అడగలేదు. పద్యం ఎట్లా వస్తుందని కూడా అడిగాడు. వాడికి ఒక్కటీ రాదు, నేను వాడి నోటి వంక చూస్తూనే ఉన్నాను. వాడి పేరు కనుక్కోండి” అన్నారు. మరునాటి నుండి ఆ పిల్లవాడు మధ్యాహ్న భోజనమైన తరువాత వేపచెట్టు క్రింద మా వద్ద కూర్చుండినాడు. రెండు వారములలో ఒక పద్యము వచ్చినది. మేము ముస్లిములమై తెలుగు చెప్పుట ఒక విశేషమని మమ్ము మేము తలచుకొనుట ఆనాటితో ఆగినది. ఆ పిల్లవానికి పద్యము రాకపోవుటయే అచ్చట విశేషము.

పేర్ల సంగతి చెప్పినపుడు దివిసీమ మిత్రుని తలచకుండ ఉండలేము. 1977 నవంబరు 19న వచ్చిన ఉప్పెన దివిసీమను ముంచి వేలాది ప్రాణములు తీసికొనినది. మా మిత్రుడు అప్పటికి పుట్టలేదు. అతని తాతగారు అచ్చటి యొక చిన్న బడిలో పంతులు. ఉప్పెన తరువాత బడి మరల తెరచిన దినమున ఆయన హాజరుపట్టీ విప్పి పిలువనారంభించినారట. మూడు పేర్లు పిలిచినారు, మూడింటికిని పలుకు రాలేదు. పట్టీ మూసి, ఎదుట ఉన్న పిల్లలను ఒక్కొక్కరిని దగ్గరకు పిలిచి, వారి పేరు వారిచేతనే చెప్పించుకొని, క్రొత్త కాగితముపై వ్రాసికొన్నారట. ఆ ఇంటిలో పుట్టినందుననే కాబోలు మా మిత్రుడు హాజరు పిలుచునపుడు ప్రతి పేరునకు తల యెత్తి, పలికిన ముఖమును చూచి కాని తరువాతి పేరునకు పోడు. గురువుగారు అడుగు ప్రశ్నకు మా తరగతిలో ఎన్నడును జవాబు తప్పనివాడు అతడొక్కడే. మేము హాజరు పిలుచుట అతనిని చూచి నేర్చినాము.

2016 ఆగస్టు 12 నుండి 23 వరకు కృష్ణా పుష్కరములు జరిగినవి. ఊరంతయు రేవుగా మారిన ఆ దినములలో మా తరగతివారము ఒక ఘట్టము వద్ద వృద్ధులకు మెట్లు దిగ సాయపడి, మంచినీరు అందించినాము. ఆపా కూడ మాతో ఉన్నది. సతీర్థ్యులను మాటకు అంతకన్న మంచి వ్యాఖ్యానము మాకు దొరకలేదు.

ఆ యేడు చివరనే మాకు అసలు పరీక్ష వచ్చినది. రెండవ సంవత్సరమున 16 వారములు పాఠశాలలోనే ఉండి బోధింపవలెను. అది నడుచుచుండగా నవంబరు 8 రాత్రి 500, 1000 రూపాయల నోట్లు రద్దయినవి. ఆటోనగరు మిత్రుని తండ్రి రోజుకూలికి పనిచేయు షెడ్డులో పని పడిపోయినది. బండ్లు మరమ్మతుకు వచ్చుట లేదు, వచ్చినను చేతికి చిల్లర లేదు. మిత్రుడు సాయంకాలము నాలుగు గంటలకు ఒక దుకాణములో పనికి కుదురుకొన్నాడు. కాని అతనికి కేటాయించిన పాఠశాల ఉయ్యూరు దాటి ఉన్నది. బడి వదలి బస్సు పట్టి నగరము చేరుసరికి చీకటి పడును. పని నిలుపుకొన్నచో శిక్షణ పోవును, శిక్షణ నిలుపుకొన్నచో ఇంటిలో పొయ్యి వెలుగదు. “నేను మానేస్తున్నానన్నా, వచ్చే ఏడు చూద్దాం” అని అతడు మాతో అన్నాడు. మానినవారు మరుసటి యేడు రారని అతనికిని తెలియును, మాకును తెలియును.

మేము పదిమందిమి కూడి పది, ఇరువది, యాబది రూపాయల నోట్లు పోగుచేసినాము. ఆ దినములలో చిల్లర నోటు ఎంత బరువైనదో అప్పుడు బ్యాంకుల ముందు నిలచినవారికి తెలియును. కాని ఆ సొమ్ము ఎన్ని దినములు వచ్చును? గురువుగారికి సంగతి తెలిసినది. ఆయన మమ్ములనందరను కూర్చుండబెట్టి పాఠశాలల కేటాయింపు కాగితము బల్లపై పరచి, “ఆటోనగరు దగ్గరి బడిలో ఎవరున్నారండీ?” అని అడిగినారు. ఆ బడిలో ఉన్నది ఆపా. గురువుగారు ఆమెను ఏమియు కోరలేదు, ఆమె ముఖము వైపు కూడ చూడలేదు. కొంత తడవు ఎవరును మాటలాడలేదు. అప్పుడు ఆపా, “నా తూము నేను దించుకుంటానండీ. ఉయ్యూరు నేను వెళతాను” అన్నది.

ఆ మాట పలుకుట తేలిక కాదు. ఆమె యింట పట్టము పుచ్చుకొన్న మొదటి ఆడపిల్ల ఆమె. నగరము దాటి బస్సులో పోవుటకు ఇంటివారిని ఒప్పించుటకు రెండు దినములు పట్టినది. మిగిలిన వారములన్నియు ఆమె ఫజ్రు నమాజు ముగించుకొని, చలికాలపు చీకటిలో పండిట్ నెహ్రూ బస్సు స్టేషనుకు నడచి, బందరు రోడ్డున పోవు బస్సు ఎక్కినది. ఒక్కనాడును ఆలస్యము కాలేదు, ఒక్కనాడును ఆ సంగతి ఎత్తలేదు. ఆటోనగరు మిత్రుడు నాలుగు గంటలకు దుకాణమునకు చేరుచు శిక్షణ ముగించినాడు. నేడు అతడు లెక్కల ఉపాధ్యాయుడు. అతని తరగతిలో కూర్చున్న పిల్లలకు తమ నీరు ఎవరి తూము దిగినందున వచ్చినదో తెలియదు. మాకు తెలియును.

2017లో శిక్షణ ముగిసినపుడు మేమును మీవలెనే చందాలు వేసికొని శాలువ కొన్నాము. గురువుగారు దానిని కప్పించుకొన్నారు, సంతోషించినారు కూడ. పిదప, “ఇది నాకు బాగుందండీ. ఇంకొకటి అడుగుతాను, ఇస్తారా? ప్రతి ఏడాదీ మీ తరగతిలో శివారు పిల్లవాడెవరో చూసి, వాడి పేరు ఒక కార్డు మీద రాసి నాకు పంపండి. మార్కులు రాయొద్దు, మీ సంగతులు రాయొద్దు. పేరొక్కటి చాలు” అన్నారు. 1962 నుండి సెప్టెంబరు 5ను సర్వేపల్లి రాధాకృష్ణన్ జన్మదినమని ఉపాధ్యాయ దినోత్సవముగా జరుపుకొనుచున్నాము. ఆనాటికి అందునట్లు మేము ప్రతి యేడు ఒక కార్డు వ్రాయుదుము. మేము కళాశాలలో అధ్యాపకులమైన తరువాత కూడ ఆ అలవాటు మానలేదు. డిగ్రీ తరగతులలో సైతము శివారు ఉన్నది. ఉద్యోగ విరమణ చేసి ఊరిలో ఉన్న మా గురువుగారు ఆ కార్డులను దారమునకు గ్రుచ్చి ఉంచుకొన్నారు. కార్డు వ్రాయవలసి యున్నందున మేము ఏటేట జూలై మాసము నుండియే వెనుక బల్లల వైపు చూచుచున్నాము. ఆయన అడిగినది కానుక కాదని, మాకు పెట్టిన కాపలా అని తెలియుటకు కొన్ని సంవత్సరములు పట్టినది.

2024 సెప్టెంబరు 1న బుడమేరు పొంగి అజిత్‌సింగ్ నగరు మొదలైన ప్రాంతములు నీట మునిగినవి. అదే సమయమున బ్యారేజి మీదుగా 11 లక్షల క్యూసెక్కులకు మించిన వరద పోయినది. మా ఆటోనగరు మిత్రుడు అప్పటికి సింగ్ నగరులో అద్దెకుండెను. నీరు తగ్గగానే మొదట వచ్చినవాడు దివిసీమ మిత్రుడు. వరద పోయిన తరువాత ఇంటిలో ఏమి మిగులునో, ఏమి మిగులదో అతనికి ఎవరును చెప్పనక్కరలేదు. బియ్యము, పాలు అందరును తెచ్చినారు. అతడు వానితోపాటు తెల్లకాగితముల నోటు పుస్తకములు ఒక మూట తెచ్చినాడు. బడి తెరచిన దినమున తడిసిన పుస్తకములతో వచ్చు పిల్లలకు ఇచ్చుటకు.

ప్రియ విద్యార్థులారా, మీ గురువునకు శాలువ కప్పుడు. ఆయన భుజములు దానికి తగినవి. తోటివారికి పూలు ఇండు. ఆ సభకు ముందు మాత్రము ఒక్కసారి తీరికగా కూర్చుండి, ఈ రెండేండ్లలో మీ చేనికి నీరు రావలెనని తన తూము దించుకొన్నవారెవరో జ్ఞప్తికి తెచ్చుకొనుడు. కొందరు మాటలాడక దించి యుందురు. వారి పేరు సభలో చెప్పుడు. మరునాటి నుండి మీరును ఏదో ఒక కాలువగట్టున లస్కరులే. తెలుగు చెప్పినను, ఉర్దూ చెప్పినను, లెక్కలు చెప్పినను, మీరు అడుగుపెట్టు ప్రతి తరగతిలోను కిటికీ ప్రక్కన చివర ఒకరు కూర్చుండియుందురు. మొదటి వారము ముగియక మునుపే ఆ పేరు తెలిసికొనుడు. తెలిసినపుడు మీ గురువునకు ఒక కార్డు వ్రాయుడు. ఆయనకు అర్థమగును.